ఆల్టె అను పేరు ఖరారైన వైనం

అమ్మా,

బతికున్నప్పుడు నీకు చదువు రాదు, ఇప్పుడు నువ్వే లేవు. అయినను, నీ మునిమనవరాలికి నిన్న కూర్మన్నపాలెం క్వార్టర్లో బారసాల జరిగినదని సవినయంగా తెలియజేయడమైనది. నెలలు నిండక పుట్టి, ఆసుపత్రి గాజుపెట్టెలో ఇరవై రోజులుండి వచ్చిన పిల్ల.

పిల్ల తల్లి, నా కూతురు, ఫోనులో యూదుల యిడ్డిష్ భాష పేర్లు వెదికి, 'ఆల్టె'ను ప్రతిపాదించింది. అర్థం ముసలమ్మ. పసిపాప కోసం వచ్చిన మృత్యువు ఆ పేరు విని, ఇల్లు తప్పాననుకుని తిరిగిపోతుందట.

నీ కోడలు అభ్యంతరం నమోదు చేసింది. "పసిగుడ్డుని ముసిల్దంటావేటే? నలుగురూ నవ్వరా?"

"నానమ్మకి ముందు ముగ్గురు పోయారనే కదా, ఆవిడ్ని పెంటకుప్ప మీద పెట్టి తీసి, పెంటమ్మన్నారు? ఎనభై ఏళ్లు బతికిందా లేదా?" అంది నా కూతురు.

ఆ పేరుకు నువ్వు జీవితాంతం తల దించుకున్నావు. పెన్షన్ కాగితంలో 'పి. అమ్మ' అని రాయమని నన్ను బతిమాలావు.

పళ్లెంలోని బియ్యం మీద ఆల్టె అని నేనే రాశాను. పక్కింటావిడ విచారణ చేపట్టింది. "ఇదేటి పేరమ్మా, ఎక్కడా ఇన్లేదు?"

నీ కోడలు పిల్లను భుజానికెత్తుకుని, తడుముకోకుండా చెప్పింది:

"మా అత్త పేరే. బాస మార్సినాం."