ఎక్కను, మేడమ్

అక్కా,

ఈ పొద్దున రమణ అంకుల్ చొక్కా కాలరు వెనక ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ చూశాను. ఆయనకున్న మంచి చొక్కా అదొక్కటే అనుకుంటాను.

ఎయిర్‌పోర్టు నుంచి నిన్ను తీసుకొస్తూ ఆయన కునుకు తీశాడు, నువ్వు చనిపోయావు. అప్పటి నుంచి ఆయన టాక్సీ లైసెన్సు ఆపేశారు, సొంత కారు మాత్రం నడుపుకోనిచ్చారు. మళ్లీ ఇవ్వమని ఇప్పుడు అడిగాడు. ప్రయాణికులను ఎక్కించుకోవడానికి ఆయన తగినవాడో కాదో ఇవాళ తేలుస్తామని, నీవాళ్లం కాబట్టి అమ్మనూ నన్నూ కూడా లైసెన్సుల ఆఫీసుకు రమ్మన్నారు.

వెల్లింగ్టన్‌లో మనకు తెలిసిన తెలుగువాళ్లంతా ఆయన మంచివాడని రాసిచ్చారు. ఊరి నుంచి వచ్చే వాళ్ల అమ్మానాన్నలను ఎయిర్‌పోర్టు నుంచి ఊరికే తెచ్చేది ఆయనే మరి.

"మాకు సొంత అన్నయ్యలాంటివారండీ," అంది అమ్మ. ఆయన ఏడ్చాడు. ఆఫీసరమ్మ నా వైపు తిరిగింది.

"ఆయన కారు నువ్వు ఎక్కుతావా?"

అమ్మ నా మోచెయ్యి గిల్లింది. "ఎక్కుతానని చెప్పవే. ఆయనకీ ఆడపిల్లలున్నారు."

కాన్వెంటులో సిస్టర్లు నేర్పినట్టు లేచి నిలబడి, పూర్తి వాక్యంలో జవాబిచ్చాను.

"ఆయన నడిపే కారు నేను ఎక్కను, మేడమ్."

లైసెన్సు ఇవ్వడం కుదరదని ఆవిడ చెప్పేసింది.

"నోట్లో నాలుక లేని పిల్లవనుకున్నానమ్మా," అన్నాడు అంకుల్ బయటికొచ్చాక. అమ్మ నాతో మాట్లాడటం లేదు. లైసెన్సు వస్తే ఆయనకిద్దామని ఆమె చేసిన పులిహోర నేనే తిన్నాను.

పొద్దున మమ్మల్ని ఆ ఆఫీసుకు తన కారులో తీసుకెళ్లింది ఆయనే. నేను వెనక సీట్లో, ఆ రోజు నువ్వు కూర్చున్న వైపే కూర్చున్నాను.