సీసాలో రెండో లేబుల్

మార్చి 4

ల్యాబ్‌లో పెంచుతున్న విప్ స్పైడర్ ఇవాళ కుబుసం విడిచింది. డిసెంబర్లో గుహ నుంచి తెస్తున్నప్పుడు దాని ముందుకాలు ఒకటి డబ్బా మూతలో ఇరుక్కుని తెగింది. తప్పు నాదే. ఆ కాలు మళ్లీ మొలిచింది, కాస్త కురచగా. హమ్మయ్య అనుకుని కణుపులు లెక్కపెట్టాను.

తెగని కాలికి ఇరవై ఆరు. మొలిచిన కాలికి ఇరవై రెండు.

ఇరవై రెండు మాస్టారి లెక్క.

మార్చి 5, ఉదయం

రాత్రంతా నిద్ర లేదు. కాగితం మీద పెడితేనైనా బుర్రకెక్కుతుందేమో.

ఈ విప్ స్పైడర్లు పేరుకే సాలీళ్లు. గూడు అల్లవు, విషం లేదు. కొరడాల్లా సాగిన ముందుకాళ్లతో గుహ గోడలు తడుముకుంటూ చీకట్లో బతికేస్తాయి. ఆ కాలి కణుపుల లెక్కను బట్టే ఏది ఏ జాతో తేలుస్తాం. ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట, నాకు ఈ పని నేర్పిన మాస్టారు ఆ గుహలోనే చిన్నదాన్ని ఒకదాన్ని పట్టారు. దానికి మిగిలింది ఒకే ఒక్క కొరడా కాలు. ఇరవై రెండు కణుపులు. ఇది కొత్త జాతి అని పేపర్ రాశారు. ఆ ఏడాదే జ్వరంతో పోయిన తన తొమ్మిదేళ్ల కూతురి పేరు దానికి పెట్టారు, వెనక లాటిన్ తోక తగిలించి.

ఆ తర్వాత అలాంటిది ఎవరికీ దొరకలేదు. నేనే పదకొండు సార్లు వెళ్లాను, మోకాళ్లు అరిగిపోయాయి. ఎలా దొరుకుతుంది? అది వేరే జాతే కాదు. ఆ గుహ నిండా తిరిగే మామూలు జాతిలో, కాలు తెగి మళ్లీ మొలిచిన పిల్ల. ఎదిగిన ఆడది అనుకున్నారు ఆయన.

మార్చి 5, సాయంత్రం

అప్పట్లో మాస్టారు పట్టినదాన్ని స్పిరిట్‌లో దాచిన సీసా బయటికి తీసి, లోపలిదాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టాను. కణుపులు ఒక్క తీరుగా లేవు. మొలిచిన కాలే.

తప్పు నాదై ఉంటే ఎంత బాగుండేది.

మార్చి 9

మా డైరెక్టర్‌ని చాటుగా గడియారం అంటాం, ఎప్పుడు నోరు తెరిచినా డెడ్‌లైనే. నా రివిజన్, అంటే ఈ జాతుల పేర్లన్నీ సరిచూసి రాస్తున్న పేపర్, నెలాఖరుకి ప్రెస్‌కి వెళ్లిపోవాలట. ఒక పేరు దగ్గర ఆగానని నసిగాను. తప్పని తేలిన పేరు కొట్టెయ్యడానికి ముహూర్తం చూసుకుంటారా అన్నాడు. పాపం, అతను అన్నదాంట్లో తప్పేం లేదు. వచ్చి ఆ పేరు రద్దు జాబితాలోకి మార్చాను.

మార్చి 15

మాస్టారింటికి వెళ్లాను. మంచం దిగడం లేదు. ఆయన భార్యను నేను అత్తయ్యగారూ అంటాను. ఆవిడ గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని, ఇంక వారాలేనట అమ్మా అని గుసగుసగా చెప్పారు. పాప ఫొటో కూడా చూడలేకపోతున్నారట. ఆ పాత పేపర్ మాత్రం దిండు కింద ఉండాల్సిందేనట.

నన్ను చూడగానే ఆయన అడిగింది ఒకటే. కొత్త పేపర్‌లో మా అమ్మాయి ఎన్నో పేజీలో ఉందే అని.

పన్నెండో పేజీ అన్నాను. అబద్ధం కాదు. పన్నెండో పేజీలోనే ఉంది, రద్దయిన పేర్ల కింద.

మార్చి 16

పిరికిదాన్ని.

మార్చి 22

చెప్పేశాను.

ముందు లెక్కలు అడిగారు. చెప్పాను. తెగని వైపు ఎన్ని అన్నారు. ఇరవై ఆరు అన్నాను. తెగి మొలిచిన కాలని నాకు తట్టనే లేదు చూడు, ఎంత తెలివితక్కువవాడినో అన్నారు. తిడితే పడదామని వెళ్లాను. తిట్టలేదు.

తర్వాత, అలాంటివి ఆ గుహలో ఎన్ని ఉంటాయే అని అడిగారు. వేలల్లో ఉంటాయన్నాను. అయితే మా పిల్ల అక్కడ ఒక్కతే లేదన్నమాట అని గోడ వైపు తిరిగిపోయారు. భుజాలు కదులుతున్నాయి. నాకూ ఏడుపు ఆగలేదు. అత్తయ్యగారు వంటింట్లోంచి బయటికి రాలేదు.

వచ్చేస్తుంటే, కొత్త లేబుల్ తనే రాస్తానన్నారు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. పేరు మారినా పాత లేబుల్ తీసెయ్యం. కొత్తది రాసి అదే సీసాలో దాని పక్కన వేస్తాం. తప్పో ఒప్పో, లోపలికి వెళ్లిన లేబుల్ మళ్లీ బయటికి రాదు. ఇది నాకు నేర్పింది ఆయనే. చేరిన కొత్తలో నేనొక పాత లేబుల్ చింపేస్తే వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మార్చి 24

ఖాళీ లేబుల్, పెన్సిల్ పట్టుకెళ్లాను. స్పిరిట్‌లో పెన్సిల్ రాతే చెరగకుండా నిలుస్తుంది. ఆయన వేళ్లలోంచి పెన్సిల్ రెండుసార్లు జారి దుప్పటి మీద పడింది. నేను పట్టుకోబోతే కసిరారు. నాలుగు గళ్లు నింపడానికి అరగంట పట్టింది. నన్ను చూడనివ్వలేదు. కవర్లో పెట్టి అంటించి, పేపర్ అచ్చయిన రోజు సీసా దగ్గరే విప్పమన్నారు.

ఏప్రిల్ 2

పొద్దున అత్తయ్యగారు ఫోన్ చేశారు. మాస్టారు పోయారు.

ఏప్రిల్ 11

పేపర్ వచ్చింది. కవరు విప్పాను.

జాతి దగ్గర మామూలు జాతి పేరే, ఒక్క అక్షరం తప్పు లేదు. గుహ పేరు సరే. ఆడ. వయసు దగ్గర, పాత లేబుల్‌లో ‘ఎదిగినది’ అని ఉన్న చోట, దీంట్లో ‘తొమ్మిదేళ్లు’ అని ఉంది.

గడియారం నా భుజం మీదుగా చూసి, ఇదేం లేబులండీ, ఇంకోటి రాసి వెయ్యండి అన్నాడు.

అప్పటికే సీసాలో వేసేశాను.