ఎనభై చైన్ల దూరం

1946 ఏప్రిల్ 28, పుత్తూరు

కట్టు కట్టేశారు. కుడి మోకాలి నుంచి మడమ దాకా ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, పైన గుడ్డ. పోయిన వారం బడి నుంచి వస్తుంటే ఒంటెద్దు బండి గుంతలో పడింది, నేను బండిలోంచి పడ్డాను. ఆసుపత్రిలో కాలికి అవిటితనం మిగిలిపోవచ్చు అన్నారు. నాయన ఒప్పుకోలేదు. తిరుపతిలో రైలెక్కించి ఇక్కడికి తెచ్చాడు. కట్టు కట్టిన కుప్పయ్య నలభై రోజులు కదలొద్దన్నాడు.

జూలై ఒకటిన చిత్తూరులో టీచర్ ట్రైనింగ్ మొదలు. డ్రిల్ ఉంటుంది. నడిచి రాలేనివాళ్ల సీటు లిస్టులో తర్వాతివాళ్లకి పోతుంది. వేళ్లు మడిచి లెక్కేశాను. సరిపోతుంది. సరిపోవాలి.

ఏప్రిల్ 30

నాయన ఊరికి వెళ్లిపోయాడు. దగ్గరున్నది ఒక్క పుస్తకం, నార్ఫోక్ గైడు. మా బడి మిస్సమ్మ జనవరిలో ఇంగ్లండుకి తిరిగిపోతూ ఇచ్చింది. అది ఆమె జిల్లా. అక్కడ చూడదగ్గ ఊళ్లు, సముద్రతీరం, పల్లెలు. జాగ్రఫీ చెప్పేదానివి, ఒక్క జిల్లా అయినా బాగా తెలుసుకో అంది. కాలు విరిగినదానికి యాత్రల పుస్తకం. గుడ్డివాడి చేతికి అద్దం ఇచ్చినట్టుంది.

మే 3

పక్క మంచం తిరుమలమ్మ. ఏర్పేడు దగ్గర పల్లె, వేరుసెనగ సేద్యం. చేను గట్టు మీద పడి మణికట్టు విరిగింది. నోరు మాత్రం ఎక్కడా విరగలేదు. నాకు పెళ్లెందుకు కాలేదని రెండు రోజులు అడిగి, జవాబు నచ్చక, ఆ బొమ్మల పుస్తకంలో ఏముందో చెప్పమంది. రోజుకొక ఊరు చూపిస్తానని ఒప్పుకున్నాను.

మే 6

క్రోమర్. సముద్రంలోకి కట్టిన వంతెన, ఎత్తైన చర్చి గోపురం, పీతలు. పీతలు తినడానికి జనం రైళ్లలో వస్తారంటే తిరుమలమ్మ నమ్మలేదు. ఎండ్రకాయలు వాళ్ల మడిలో ఊరికే దొరుకుతాయట. వాళ్లందరినీ ఏర్పేడు రమ్మని రాయమంది.

మే 9

హన్‌స్టాంటన్. ఒడ్డున నిలువుగా కొండ, ఎరుపూ తెలుపూ పట్టెలు. గుడి గోడకి సున్నమూ కావీ కొట్టినట్టు. ఎవరు కొట్టారని అడిగింది. ఎవరూ కొట్టలేదు, రాయే అంత అన్నాను. నాకు తెలియకపోతే తెలియదని చెప్పమంది.

మే 14

ఈరోజు గాలిమరలు. ఆ జిల్లాలో ఒక మూల పల్లపు నేల. మునగకుండా గాలిమరలతో నీళ్లు తోడి ఏట్లోకి వదిలేవారు. తిరుమలమ్మ నోరు మొదటిసారి మూతపడింది. ఎండాకాలమంతా ఎద్దులతో కపిల తోలి బావి అడుగు నుంచి నీళ్లు లాగే మనిషి ఆమె. నీళ్లు వద్దని తోడి పారబోసే ఊరు! సాయంత్రం సంగటి దగ్గర, అది పాపం కదా అని గొణిగింది. నేను నార్ఫోక్ తరఫున క్షమాపణ చెప్పాను.

మే 15

కట్టు లోపల దురద. ఇంకేమీ లేదు ప్రపంచంలో.

మే 27

మిస్సమ్మ ఉత్తరం. యుద్ధంలో ఆమె ఊరి తీరమంతా ముళ్లకంచె వేసి మైన్లు పాతారట. గైడులో ఉన్న ఇసుక మీద ఆ ఊరివాళ్లే ఇన్నేళ్లుగా కాలు పెట్టలేదట. ఇప్పుడు కొంచెం కొంచెం తెరుస్తున్నారట. తెరిచిన కాస్త చోటికే వెళ్లి ఊరికే నిలబడుతున్నారట. చదివి, నా కట్టు వంక చూసుకున్నాను.

జూన్ 7

విప్పారు. ఎముక అతికింది. కానీ ఆ కాలు నాది కాదు. ఎండుపుల్లలా ఉంది. కుప్పయ్య చెప్పులు వద్దన్నాడు, పాదానికి నేల తెలియాలట. ఆ పాదం పదిమందికీ కనబడడం నాకిష్టం లేదు. చెప్పులేసుకునే లేచాను. జారింది. పడ్డాను.

జూన్ 9

లేవలేదు. భయం.

జూన్ 11

నాయన వచ్చాడు. సీటు పోతే పోనీ, ఇంట్లో ఉందువులే, నేను లేనా అన్నాడు. నాయన మంచివాడు, అదే కష్టం. సీటు వదులుకుంటున్నానని ట్రైనింగ్ స్కూలుకి ఉత్తరం రాసిచ్చాను. రేపు పోస్టులో వేస్తాడు.

జూన్ 12, మధ్యాహ్నం 3

తిరుమలమ్మ ఈరోజు ఊరేదని అడిగింది. నాకు నార్ఫోక్ మొత్తం మీద కోపంగా ఉంది. చేతికందిన పేజీ తీశాను. వాల్సింగ్‌హామ్. మరియమ్మ యాత్రాస్థలం. ఊరికి మైలు ఇవతల చిన్న గుడి, పేరు స్లిప్పర్ చాపెల్. పూర్వం యాత్రికులు అక్కడ చెప్పులు విడిచి ఆఖరి మైలు వట్టి కాళ్లతో నడిచేవారని చెప్పుకుంటారట. చెప్పుల గుడి అన్నాను, నవ్వుతుందని.

నవ్వలేదు. లేచి కూర్చుంది. అలిపిరి పాదాల మండపమే గదా అంది. కొండెక్కే ముందు స్వామి పాదుకలు నెత్తిన పెట్టుకుని అక్కడ ప్రదక్షిణ చేస్తారట, ఆపైన వట్టి కాళ్లతో మెట్లెక్కుతారట. అలిపిరికి రెండు మైళ్లలో పుట్టి పెరిగాను. చర్చి పిల్లనని ఒక్కనాడూ లోపలికి తొంగి చూడలేదు. నేను ఆమెకు నార్ఫోక్ చూపించాననుకున్నాను. ఆమె నాకు మా ఊరు చూపించింది.

తర్వాత అంది: "సూడు పాపా, ఒక్క మైలే గదా. ఆ దొరసానులు నడిసినారు. నువ్వూ ఈడే చెప్పులిడిసి నడువు. నడిస్తే నీ పేరు సెప్పి నేను ఆడ పాదాలు నెత్తికెత్తుకుంటా."

మాకు మొక్కులు లేవు పెద్దమ్మా అన్నాను.

"మొక్కు నాది. కాలే నీది. నువ్వూరికే నడువు."

నాయన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. చర్చిలో వాక్యం చదివే మనిషి, ఏమంటాడోనని బెదిరాను. జేబులోంచి నా ఉత్తరం తీసి గైడులో పెట్టి, రైలుకి వెళ్లిపోయాడు.

జూన్ 13

మంచం నుంచి బావి దాకా ఇరవై రెండు గజాలు. అంటే సర్వే లెక్కలో సరిగ్గా ఒక చైను. ఎనభై చైన్లు ఒక మైలు. తిరుమలమ్మ ఎనభై చింతగింజలు ఏరింది, నడిచిన చైనుకొకటి బావిలో వేస్తుందట. చెప్పులు మంచం కిందికి తోసేశాను. ఈరోజు ఒక్క గింజ. దారిలో ఏడ్చాను. అది లెక్కలోకి రాదంది.

జూన్ 17

మొత్తం తొమ్మిది. అరికాలికి చిన్న రాయి గుచ్చుకుంది. ఎంత సంతోషమో. నేల తెలుస్తోంది.

జూన్ 20

తిరుమలమ్మకు కట్టు విప్పారు. వెళ్లిపోయింది. మిగిలిన అరవై గింజలు నా కొంగున ముడేసింది. బండెక్కుతూ, నార్ఫోక్‌లో ఇప్పుడైనా నీళ్లు పారబోయడం మానుకున్నారా అని అడిగింది. కనుక్కుని రాస్తానన్నాను. బండి మలుపు తిరిగేదాకా నిలబడే ఉన్నాను. నిలబడే ఉన్నానని తర్వాత తెలిసింది.

జూన్ 26

ఒక్కరోజే పదహారు. కుప్పయ్య చూసి తల పంకించి, ఇంకొకరి చెయ్యి కట్టడానికి వెళ్లిపోయాడు.

జూన్ 29

డెబ్బై తొమ్మిది. ఆపేశాను. నాయన తీసుకెళ్లడానికి వచ్చాడు. చెప్పులు మరిచిపోతున్నావన్నాడు. మరిచిపోలేదన్నాను.

జూలై 1, చిత్తూరు

గేటు నుంచి ఆఫీసు గది దాకా ఒక చైను ఉంటుంది. నడిచాను. సీటు నాదే.

ప్యూను నా కాళ్లు చూసి చెప్పులేవమ్మా అన్నాడు. మైలు వెనక విడిచి వచ్చానన్నాను.

ఏర్పేడుకి కార్డు వేశాను: నెత్తికెత్తుకో పెద్దమ్మా.