పొట్టలో పుట్టి గుండెకు చేరే ముప్పు

పలాస, ఆదివారం.

అమ్మకు, ఇవాంజెలిన్ వందనాలు. ఫోన్లో నీకు సరిగా వినపడదు కనుక కార్డు రాస్తున్నాను, చెల్లి నిస్సీ చేత చదివించుకో. కంగారుపడకు, మీ అల్లుడు బతికే ఉన్నాడు.

శుక్రవారం జీడి ఫ్యాక్టరీలో బస్తా దింపుతూ సైలస్ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఆటోలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇవా, పిల్లల్ని సూసుకో" అన్నాడు. గుండె రక్తనాళం పూడిపోయిందని ఇక్కడి ఆసుపత్రిలో స్టెంటు వేశారు. పిల్లలు పక్కింటి పార్వతి దగ్గర ఉన్నారు.

"మాంసం ఎక్కువ తింటాడా?" అని డాక్టరమ్మ అడిగింది. "మాంసం నేకపోతే ముద్ద దిగదండి" అన్నాను. మన పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు మాంసం నుంచి ఒక పదార్థం పుట్టిస్తాయట, అది రక్తంలో ఎక్కువైతే గుండెకు ముప్పట. కిడ్నీలు చెడినవాళ్లకు అది త్వరగా బయటకు పోదట. ఆ మాట వినగానే కిడ్నీ జబ్బుతో ఉన్న నాన్న గుర్తొచ్చాడు.

నాన్న ఆయాసం కిడ్నీల వల్లేనని ఊరుకోకు. బుధవారం పలాస తీసుకురా, గుండె పరీక్ష చేయిద్దాం. ఏం తినాలో డాక్టరమ్మే చెబుతుంది, కిడ్నీ జబ్బుకు కొన్ని కూరలు పనికిరావట. అంతదాకా మాంసం వండకు. "నాకేటవుద్దే" అంటాడు నాన్న. సైలస్ కూడా అలాగే అనేవాడు.

గాలికి లేచిన రేకులు వేయించారా? మేక ఈనిందా? వచ్చేటప్పుడు దుప్పటి ఒకటి తే.

సైలస్ కునుకు తీస్తే చాలు, ఊపిరి ఆడుతోందో లేదోనని ఛాతీ మీద చెయ్యి వేసి చూస్తున్నాను. నాన్న రానంటే, ఇక్కడ నేనొక్కదాన్నే భయపడి చస్తున్నానని చెప్పు. అందుకైనా వస్తాడు.

మీ ప్రార్థనల్లో మమ్మల్ని మరవకండి. ప్రభువు మీకు తోడుండుగాక.

నీ పెద్దమ్మాయి,
ఇవాంజెలిన్