చేతులు ‘చ’లో, మెడలు ‘మ’లో

అమ్మలూ,

బీరువా కింది అర తెరిచే ముందు ఇది చదువు. మీ అమ్మ జాకెట్లు కత్తిరించడానికి గీసుకున్న కాగితాలన్నీ సర్దేశాను. ఇన్నేళ్లు అక్షరాలు దిద్దించిన తెలివితో అకారాది క్రమంలో పెట్టాను. చేతులన్నీ ‘చ’ కవరులోకి, మెడలన్నీ ‘మ’ కవరులోకి వెళ్లాయి. ఇప్పుడు ఏ చెయ్యి ఏ జాకెట్టుదో దేవుడికే తెలియాలి. మీ అమ్మ ఉండుంటే, “మాస్టారూ, మీ బడి బడిలోనే పెట్టుకోండి, నా బీరువా జోలికి రాకండి” అనేది.

నువ్వు కుట్టుకుంటానన్న అమ్మ జాకెట్టు కాగితాలు కూడా వాటిలోనే ఉన్నాయి. కడుపుబ్బా నవ్వుకుని, అంచులు కలిపి వెతుకు. సాయంత్రం నేనొచ్చి సాయం చేస్తాను, ఏదీ ముట్టుకోకుండా.

నాన్న

నా చొక్కా కాగితం మాత్రం ఏ కవరులోనూ పెట్టలేదు, కుట్టుమిషను మీదే ఉంది. మీ అమ్మ గుచ్చిన గుండుసూదులు దానికి అలాగే ఉన్నాయి. తియ్యకు.