ఎడమవైపు బాక్సు

మహారాజశ్రీ అక్కగారి దివ్యసముఖానికి, మీ పాదధూళికైనా చాలని తమ్ముడు సాష్టాంగపడి రాయునది.

క్షమించమని అడగడానికి ముఖం లేదు కాబట్టి ముఖం చాటేసి ఉత్తరం రాస్తున్నాను. నువ్వు ఏరి కోరి పంపిన స్పీకర్ల విషయంలో నేను చేసిన మహాపాతకాలు విను. అట్టపెట్టెని చాకుతో విప్పకుండా పళ్ళతో లాగాను. లోపలి తెల్ల థర్మకోల్‌ని ఇల్లంతా మంచులా కురిపించాను. ఇవాళ పొద్దున నాన్న చొక్కా జేబులో కూడా ఒక ముక్క దొరికింది. ఏడు జన్మలెత్తినా ఈ పాపం పోదు.

పోతే, నీ ఆజ్ఞలన్నీ శిరసావహించాను. రికార్డింగు స్టూడియోలో సౌండు ఇంజనీరువి, నీ మాట కాదనే ధైర్యం ఎవరికుంది? సబ్‌ఊఫర్‌ని నాన్న కుర్చీలో కూర్చోబెట్టి, పాట వేసి, నేల మీద పాకుతూ బాస్ మోత ఎక్కడ నిండుగా వినిపిస్తే అక్కడ దాన్ని పెట్టమన్నావు. పాకాను. డిగ్రీ పట్టా పుచ్చుకున్న ఈ మోకాళ్ళతో హాలంతా పాకాను. సరిగ్గా సోఫా కింద తల దూర్చినప్పుడు పక్కింటి పిన్నిగారు వచ్చింది.

"ఏం పోయింది నాయనా?"

"ఏం పోలేదండీ, వెతుకుతున్నాను."

"పోకుండానే వెతుకుతున్నావా? చదువుకున్నవాళ్ళు, మీ ఇష్టం."

నాన్న పేపరు దించకుండా, "చిన్నప్పుడు పాకకుండా నేరుగా నడిచాడమ్మా. ఆ ముచ్చట ఇప్పుడు తీర్చుకుంటున్నాడు," అన్నాడు.

క్రాసోవర్ కూడా నువ్వు చెప్పిన ఎనభై హెర్ట్జ్ దగ్గరే పెట్టాను. అన్నదమ్ముల ఆస్తి పంపకంలా గీత గీసి, గీత కింది లావు శబ్దాలు సబ్‌ఊఫర్‌కి, పైవి రెండు బాక్సులకి ఇచ్చాను. ఎవరూ కోర్టుకెక్కలేదు.

ఇక అసలు సంగతి. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో పాట లేదు. నాన్న మళ్ళీ పాట వినాలనే కదా ఇవి పంపావు. అమ్మకి ఇష్టమైన ఆ పాత క్యాసెట్టు వేశాను. అక్కా, ఏం స్పష్టత! రెండు బాక్సుల నట్టనడుమ, పాడే మనిషి స్టూలు వేసుకుని కూర్చున్నట్టే ఉంది. నాన్న ఒక చరణం విన్నాడు. "ఎవరో కొత్త మనిషి ఇంటికొచ్చినట్టుందిరా. లేచి మంచినీళ్ళివ్వాలేమో అనిపిస్తోంది," అన్నాడు. తర్వాత చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు అసలు కూర్చోనే లేదు.

ఇట్లు,
మోకాళ్ళు కొట్టుకుపోయిన
నీ తమ్ముడు

*

అక్కా,

నీ ఉత్తరం అందింది. "అన్నీ తిరిగి పంపించెయ్. అమ్మ ఆఖరి రోజుల్లో రాలేకపోయిన కూతురు పంపిన పెట్టెల్లో ఆయనకి పాట ఎలా వినిపిస్తుంది?" అని రాశావు. అది లోపల పెట్టుకునే ఇన్నాళ్ళూ ఫోన్లో నాతో నవ్వుతూ మాట్లాడావన్నమాట. దీనికి తగిన జోకు రాద్దామని కూర్చున్నాను. రాలేదు. మన వంశ చరిత్రలో ఇలా జరగడం ఇదే మొదలు.

నువ్వు చెప్పావు కదా అని విప్పడం మొదలుపెట్టాను. పాత బాక్సులే మళ్ళీ తగిలిద్దామని వాటిలో ఎడమదాని తీగ వెంట పోతే, అది అమ్మ కుట్టుమిషను వెనకాల గోడ మూలకి పోయింది. అక్కడ ఒక జాయింటు. టేపు చుట్టి, దాని మీద కుట్టుదారం చుట్టి, చివర అమ్మ కాజాలకి వేసే ముడి. నీకు గుర్తుందా, నాన్న చెయ్యి ఆ సందులో పట్టదని ఆ ఒక్కటీ అమ్మే కలిపింది. ముడి చెడకుండా చుట్టు పక్కకి జరిపి చూశాను. ఎర్రతీగ నల్లదానికి, నల్లతీగ ఎర్రదానికి కలిపి ఉన్నాయి.

ఇది ఎంత తప్పో నేను నీకు చెప్పడమంటే చేపకి ఈత నేర్పడమే. ఒక బాక్సు ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, బాస్ మధ్యలోనే చచ్చిపోతుంది. గొంతు ఒక చోట నిలబడదు, ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా ఇల్లంతా తేలుతుంది. మనం పుట్టిన దగ్గర్నుంచి విన్నది అదే. పాట హాల్లో ఉన్నట్టు మనకెప్పుడైనా అనిపించిందా? మిషను దగ్గర పాట అమ్మ పక్కనే ఉండేది, బాత్రూములో మన నెత్తిమీద ఉండేది. పాటంటే ఇంటికి పట్టే వాసనలాంటిదని నేను కాలేజీకి వెళ్ళేదాకా అనుకున్నాను.

ఆ తీగ తీసుకెళ్ళి నాన్నకి చూపించాను.

"ఇన్నేళ్ళూ ఇది తప్పుగా ఉంది నాన్నా."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పెట్టిన రోజునుంచీ. తప్పని చెబితే మీ అమ్మ మళ్ళీ వాటి మీద చెయ్యి వేస్తుందా? నీకు తెలియదూ ఆవిడ సంగతి?"

"మరి బాస్ రావట్లేదని ఏళ్ళ తరబడి బాక్సుల కింద ఇటుకలు పెట్టావు, లోపల దూది కుక్కావు, పరుపులో దూది కూడా వదల్లేదు!"

"ఏదో ఒకటి చెయ్యకపోతే ఆవిడకి అనుమానం రాదట్రా?"

నవ్వాడు. నవ్వి, ఆ దారపు ముడిని వేళ్ళతో తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. అప్పుడు నీ ఉత్తరం చదివి వినిపించాను. తిట్టుకో, చదివాను.

"పిచ్చిపిల్ల. రాలేకపోతున్నానని అది ఏడుస్తుంటే, 'పని చూసుకుని రావే, నేనెక్కడికీ పోను' అని ఫోన్లో చెప్పింది మీ అమ్మే కదా. ఆవిడ మాట తప్పితే దీనిదా తప్పు?" అన్నాడు. తీగ నా చేతికిచ్చి, "దాని స్పీకర్లకేం, బంగారంలా ఉన్నాయి. నా చెవులకే వంకర అలవాటైంది," అన్నాడు.

అందుకని ఏదీ తిరిగి పంపడం లేదు. నిన్న సాయంత్రం నాన్న తనంతట తానే క్యాసెట్టు పెట్టి, వంటింట్లోకెళ్ళి వంకాయలు తరుగుతూ విన్నాడు. ఒక వైపు అయిపోతే తడి చేతులతో వచ్చి రెండో వైపు తిప్పాడు. నేను నేర్పుగా పేపరు చాటున దాక్కున్నాను. "మీ అక్కని ఈసారి సెలవు పెట్టి రమ్మను. వంటింట్లో కూర్చుని వినాలి అది," అన్నాడు.

నువ్వు వచ్చి అన్నీ పరీక్ష చేస్తావు కాబట్టి ముందే మనవి చేస్తున్నాను. క్రాసోవర్ ఎనభై మీదే ఉంది. సబ్‌ఊఫర్ నేను పాకి కనిపెట్టిన మూలలోనే ఉంది. వాటి జోలికి పోలేదు. నిన్న పొద్దున నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు మాత్రం నువ్వు పంపిన ఎడమవైపు బాక్సు వెనక్కి చెయ్యి పెట్టి, ఎర్రతీగ ఉండాల్సిన చోట నల్లది, నల్లది ఉండాల్సిన చోట ఎర్రది బిగించాను.

నీ తమ్ముడు