పేజీ నిండా ఏవండీ

మంగళవారం, రాత్రి

తాడేపల్లిగూడెం టీచర్ల ట్రైనింగ్‌లో ఈరోజు మేడమ్ మా అందరిచేతా పెన్ను ఆపకుండా రాయించారు. "తప్పొప్పులు చూసుకోకండి. మాట తట్టకపోతే చివరి మాటే మళ్ళీ మళ్ళీ రాయండి. పిల్లలకి నేర్పాలంటే ముందు మనకి రావాలి కదండీ," అన్నారు.

నేను "ప్రేమగల తండ్రీ" అని మొదలుపెట్టాను. చిన్నప్పటినుంచీ మనసులో మాట చెప్పుకోవడమంటే మా ఇంట్లో ప్రార్థనే. మా ఆయన ఆరోగ్యం, చర్చి, నా క్లాసు పిల్లలు, వరసగా అందరూ వచ్చేశారు. మేడమ్ చదివి, "బాగుందండీ. మరి ఇందులో మీరెక్కడున్నారు?" అన్నారు. ఒళ్ళు మండింది. బస్సు మా ఊరు పెదపాడు చేరేదాకా ఆ మాటే బుర్రలో తిరిగింది.

సాయంత్రం ఆకివీడు నుంచి ఆయన ఫోన్ చేశారు. ఈ పంట పట్టేదాకా రొయ్యల చెరువు గట్టుమీదే ఆయన కాపురం. రాత్రంతా చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవాలి.

"తిన్నావా?"

"తిన్నానండి."

"ఇంకేంటి?"

"ఏం లేదండీ."

పెట్టేశారు. ఏం లేదని ఎందుకన్నానో.

ఇప్పుడు మళ్ళీ రాయడానికి కూర్చున్నాను. ఈసారి దేవుణ్ణి పిలవలేదు. "ఏవండీ" అని రాశాను. ఆ తర్వాత ఏమీ తట్టలేదు. మేడమ్ చెప్పినట్టే ఆ మాటే మళ్ళీ రాశాను, మళ్ళీ రాశాను, పేజీ అయిపోయేదాకా.

తీరా చూసుకుంటే ఒక్కో ఏవండీ కింద ఒక్కో లైను ఖాళీగా వదిలేశాను. ఇంట్లో ఉంటే అక్కడ ఆయన "ఊఁ" అనేవారు.